నిద్రలో విన్న పాఠం పరీక్షలో గుర్తొస్తుందా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. కరెంట్ అఫైర్స్ అంతా నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, రాత్రంతా ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుని పడుకుంటున్నాను. నిద్రలో మెదడు దానంతట అదే పట్టేసుకుంటుందని ఫ్రెండ్ చెప్పింది. పగలు చదివేటప్పుడు రూమ్‌లో గోల వినపడకుండా పాటలు పెట్టుకుంటాను. తెలుగు పాటలైతే మాటల మీదకి మనసు పోతోందని కొరియన్ పాటలకి మారాను. రాజ్యాంగం ఆర్టికల్స్‌కి ఒక ట్యూన్ కట్టుకున్నాను, గడగడా పాడేస్తాను. కానీ మాక్ టెస్టులో ‘ఆర్టికల్ 24 ఏమిటి?’ అంటే మొదటి నుంచీ పాడుకుంటూ రావాల్సి వస్తోంది. ఇంకొక బాధ ఉంది. పోయినసారి పరీక్షలో ఆఖరి బెల్ మోగేసరికి చాలా బబుల్స్ ఖాళీగా ఉన్నాయి. అప్పట్నుంచి అలాంటి బెల్ ఎక్కడ విన్నా గుండె దడదడలాడుతుంది. వదిలేసిన ప్రశ్నలే గుర్తొస్తాయి, బాగా చేసినవి ఒక్కటీ గుర్తురావు. నా జ్ఞాపకశక్తిలో లోపం ఉందా? ఈ రికార్డింగులన్నీ డిలీట్ చేసేయనా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. మీ జ్ఞాపకశక్తిలో లోపం ఉందని మీ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. బెల్ వినగానే ఫలానా ప్రశ్నలు పూస గుచ్చినట్టు గుర్తొస్తున్నాయంటే అది గట్టిగానే పనిచేస్తోంది. మీరు రాసిన నాలుగు సంగతులూ వేరువేరుగా కనిపిస్తున్నాయి గానీ, నాలుగింటి వెనకా ఉన్నది ఒకటే: ఒక శబ్దం మనకి దేన్ని గుర్తుచేస్తుంది, దేన్ని వదిలేస్తుంది?

బావిలో చేద పడిపోతే పైకి తీయడానికి పాతాళభేది వేస్తారు చూడండి, ఆ కొక్కేల గుత్తి. బావిలో ఉన్నదాన్నే అది తెస్తుంది, అందులోనూ కొక్కేనికి తగిలేలా ఉన్నదాన్నే తెస్తుంది. జ్ఞాపకాల విషయంలో శబ్దం పని దాదాపు అంతే. లోపల లేనిదాన్ని అది పుట్టించలేదు. ఉన్నవాటిలో ఒకదాన్ని ఎంచి పైకి లాగుతుంది.

ఇక రాత్రి రికార్డింగులు. నిద్రలో పాఠాలు ఎక్కించుకోవచ్చన్న ఆశ చాలా పాతది. అమెరికాలో చార్లెస్ సైమన్, విలియం ఎమన్స్ అనే ఇద్దరు 1950లలో దాన్ని గట్టిగా పరీక్షించారు. మెదడులోని విద్యుత్ తరంగాలను చూపే ఈఈజీ తీగలు తలకి పెట్టి, మనిషి నిజంగా నిద్రలో ఉన్నాడా, మగతలోనే ఉన్నాడా అని చూస్తూ ప్రశ్నలూ జవాబులూ వినిపించారు. మెలకువగానో మగతగానో ఉన్నప్పుడు విన్నవి కొంత గుర్తున్నాయి. నిద్ర బాగా పట్టాక వినిపించినవి తెల్లారేసరికి లేవు. కాబట్టి ‘రాత్రి విన్నవాటిలో కొన్ని గుర్తున్నాయి’ అని మీకు అనిపిస్తే, అవి కన్ను మూతపడక ముందు విన్నవో, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు విన్నవో అయ్యుంటాయి.

అలాగని మీ ఫ్రెండ్ మాట పూర్తిగా గాల్లోంచి ఊడిపడిందీ కాదు. 2009లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో కెన్ పాలర్ బృందం ఒక ప్రయోగం చేసింది. స్క్రీన్ మీద 50 బొమ్మలు, ఒక్కోటి ఒక్కో చోట. ప్రతి బొమ్మతోపాటు దానికి సరిపోయే శబ్దం: పిల్లి బొమ్మకి మ్యావ్, నీళ్లు కాచే కెటిల్‌కి దాని ఈల. ఏ బొమ్మ ఎక్కడుందో అందరూ మెలకువగా ఉండి నేర్చుకున్నారు. తర్వాత కునుకు తీశారు. గాఢనిద్రలోకి వెళ్లాక 25 బొమ్మల శబ్దాలు మాత్రమే మెల్లగా వినిపించారు. లేచాక ఏ శబ్దాలు వినిపించారో వాళ్లకి తెలియలేదు. కానీ ఆ 25 బొమ్మల చోటుని మిగతా 25 కన్నా సరిగ్గా చూపించారు. ఒకే మనిషి, ఒకే నిద్ర, ఒకేసారి నేర్చుకున్న 50 విషయాలు. వాటిలో సగాన్ని శబ్దం ఎంచుకుని గట్టిపరిచింది. మనిషి మెదడు గురించి తెలిసిన సంగతుల్లో నన్ను బాగా ఆశ్చర్యపరిచేవాటిలో ఇదొకటి.

అయితే ఆ ప్రయోగంలో ఏం జరిగిందో గమనించండి. నేర్చుకోవడం ముందే, మెలకువలోనే అయిపోయింది. నిద్రలో వినిపించింది పాఠం కాదు, ఒక చిన్న శబ్దం, అదీ గాఢనిద్ర వచ్చిందని యంత్రంలో చూసుకున్నాక. ఇలాంటి 91 ప్రయోగాలను కలిపి 2020లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. గాఢనిద్రలోనూ, దానికి ముందుండే దశలోనూ లాభం ఉంది గానీ అది చిన్నదే. కలలు ఎక్కువగా వచ్చే దశలో కనపడలేదు. స్విట్జర్లాండ్‌లో 2019లో ఇదే పద్ధతిని ఇళ్లలో, యంత్రాల పహరా లేకుండా కొత్త భాష మాటలతో చేసి చూశారు. మొత్తం మీద లాభం కనపడలేదు. శబ్దాల వల్ల నిద్ర చెడిందన్నవాళ్లకి అది ఉల్టా నష్టమే చేసింది.

మీరు చేస్తున్నది ఈ చివరి రకానికి దగ్గర. అదీ విడి మాటలతో కాదు, రాత్రంతా నడిచే పాఠంతో. పగలు చదివినదాన్ని మెదడు సర్దుకునేది నిద్రలోనే. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు, నేర్చుకున్నాక మెలకువగా ఉండిపోయినప్పటికన్నా నిద్రపోయినప్పుడు మరుపు తక్కువని చూపించారు. ఆ నిద్రనే మీరు రికార్డింగుతో కెలుకుతున్నారు. ఈ రాత్రి నుంచే ఇయర్‌ఫోన్స్ తీసేసి పడుకోండి. ఈ ఒక్క విషయంలో ‘ఆలోచించి చూడండి’ అనడం లేదు, గట్టిగానే చెబుతున్నాను.

మీ గొంతుతో మీరే రికార్డ్ చేసుకోవడం మాత్రం మంచి ఆలోచన. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో కాలిన్ మెక్లౌడ్ చాలా ఏళ్లుగా దీని మీదే పనిచేశారు. మనసులో చదువుకున్న మాటలకన్నా పైకి చదివిన మాటలు బాగా గుర్తుంటాయి. 2018లో వచ్చిన ప్రయోగంలో నాలుగు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూశారు. పైకి చదవడం అన్నిటికన్నా ముందుంది. తర్వాత సొంత గొంతు రికార్డింగు వినడం, ఆ తర్వాత వేరేవాళ్ల గొంతు వినడం, ఆఖరున మనసులో చదువుకోవడం. అంటే రికార్డింగు విన్నప్పటికన్నా, దాన్ని రికార్డ్ చేసినప్పుడే మీరు ఎక్కువ నేర్చుకున్నారు.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. పైకి చదివినవి గుర్తుండడానికి ఒక ముఖ్య కారణం, అవి పైకి చదవనివాటి మధ్య ప్రత్యేకంగా నిలబడడం. పేజీ మొత్తం పైకి చదివితే ఆ ప్రత్యేకత పోతుంది, లాభమూ బాగా తగ్గుతుంది. మన బడుల్లో పాఠమంతా గొంతెత్తి చదివించే అలవాటు వల్ల మనకిది కొత్తగా అనిపిస్తుంది. పేజీని మనసులో చదవండి, ఎప్పుడూ తప్పు పోయే రెండు మూడు వాక్యాలు మాత్రం పైకి అనండి. ఏవి పైకి అనాలో తేల్చుకోవడమే సగం చదువు.

ఇక కొరియన్ పాటలు. అర్థం తెలియని భాష అయితే అడ్డు రాదని మీరు అనుకోవడం సహజం. కానీ 1980లలో సలామే, బాడ్లీ అనే పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించారు. ఇంగ్లిష్ వాళ్లకి అంకెల వరుసలు చూపిస్తూ వెనక అరబిక్ మాటలు వినిపించారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వరుస గుర్తుంచుకోవడం దెబ్బతింది. తర్వాత పాటలతో చేస్తే, ఉత్త వాద్యాలకన్నా గొంతుతో పాడినవి ఎక్కువ చెడగొట్టాయి. మనిషి గొంతు చెవిన పడితే చాలు, మనసులో మాటలు తిప్పుకునే చోటుకి అది వచ్చేస్తుంది. తేదీలు, ఆర్టికల్ నంబర్లు, పథకాలు మొదలైన సంవత్సరాలు మీరు పట్టుకోవాల్సింది అక్కడే.

రెండో కారణం మీకు ఇంకా ముఖ్యం. 1998లో అమెరికాలో కొందరు విద్యార్థులకి ఒక వ్యాసం చదవమని ఇచ్చారు. సగం మంది నిశ్శబ్దంలో చదివారు, సగం మంది క్యాంటీన్ గోల రికార్డింగు వింటూ చదివారు. తర్వాత కొందరికి నిశ్శబ్దంలో, కొందరికి గోలలో పరీక్ష పెట్టారు. చదివినప్పుడూ రాసినప్పుడూ చుట్టూ ఒకే వాతావరణం ఉన్నవాళ్లకి ఎక్కువ మార్కులొచ్చాయి. మీకు వచ్చేలాంటి నాలుగు ఆప్షన్ల ప్రశ్నల్లో కూడా. పరీక్ష హాలులో పాటలుండవు. పాటతో కలిసి లోపలికి వెళ్లిన జవాబు కొంతవరకు ఆ పాట కోసం ఎదురుచూస్తుంది. మీకు కొన్ని జవాబులు వెంటనే అందకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రూమ్‌లో గోల నిజమే, హాస్టల్ అంటే అంతే. దగ్గర్లోనే చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, మీలాంటివాళ్లు ఎంతోమంది అక్కడ కూర్చుని చదువుతారు. కష్టమైన సబ్జెక్టు అక్కడికి తీసుకెళ్లండి. వీలుకాకపోతే చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ మందుల షాపులో దొరుకుతాయి. ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, బ్యాగులో వేసేయండి. మెసేజ్ వచ్చిందన్న ‘టింగ్’ వినో, వణుకు తెలిసో, ఫోన్ చేతిలోకి తీసుకోకపోయినా పని మీద దృష్టి చెదురుతుందని 2015లో ఫ్లోరిడాలో చేసిన ప్రయోగంలో తేలింది.

ఆర్టికల్స్ పాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే శబ్దంతో గుర్తుపెట్టుకోవడంలో మనకున్నంత సంపద చాలా తక్కువ భాషలకి ఉంది. అష్టావధానం ఎప్పుడైనా చూశారా? ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టి ఒక్కొక్కరు ఒక్కో పని పెడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యం చెప్పమంటారు, ఒకరు అడుగడుగునా అక్షరాలను నిషేధిస్తారు, ఒకరు సంబంధం లేని మాటలతో దృష్టి మళ్లిస్తారు. చాలా అవధానాల్లో ఒకరు మధ్యమధ్య గంట కొడుతూ ఉంటారు, మొత్తం ఎన్ని కొట్టారో ఆఖరున అవధాని చెప్పాలి. ఇదంతా అయ్యాక ధారణ: విడివిడి పాదాలుగా, మధ్యలో తెంచుకుంటూ చెప్పిన పద్యాలన్నిటినీ వరసగా అప్పజెప్పాలి.

అవధాని దగ్గర సాధనతోపాటు పద్యం ఇచ్చే సాయం ఉంది. ఉత్పలమాలలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. పదో అక్షరం పాదం మొదటి అక్షరంతో కుదరాలి, అది యతి. మొదటి పాదం గుర్తొస్తే మూడో పాదం రెండో అక్షరం ఏమిటో ముందే తెలిసిపోతుంది. అర్థం ఒక వైపు నుంచి, శబ్దం ఒక వైపు నుంచి దారి మూసుకుంటూ వస్తే పట్టే మాటలు ఏ ఒకటి రెండో మిగులుతాయి. మౌఖిక సంప్రదాయాల మీద పనిచేసిన డేవిడ్ రూబిన్ కూడా ఇదే చూపించారు: అర్థం ఒక్కటే ఇచ్చినా, ప్రాస ఒక్కటే ఇచ్చినా మాట దొరకడం కష్టం, రెండూ కలిపితే వెంటనే దొరుకుతుంది.

మీ ట్యూన్‌లో శబ్దం ఉంది గానీ, అర్థం వైపు నుంచి వచ్చే సాయం లేదు. ఏ ఆర్టికల్ తర్వాత ఏది వస్తుందో అది చెబుతుంది గానీ, 24కీ ‘పిల్లలతో ఫ్యాక్టరీలు, గనుల్లో పనిచేయించరాదు’ అన్న విషయానికీ మధ్య అందులో ముడి ఏదీ పడలేదు. పైగా ట్యూన్‌కి తలుపు ఒక్కటే, అది మొదట్లో ఉంది. చిన్నప్పుడు ఎక్కాలు పాడుతూ నేర్చుకున్నవాళ్లకి ఏడు ఎనిమిదులు అడిగితే పెదాలు ఏడో ఎక్కం మొదటి నుంచీ కదులుతాయి, అదే ఇది. ఇంగ్లిష్ అక్షరాల మీద 1983లో ఒక అధ్యయనం వచ్చింది. ఫలానా అక్షరం తర్వాత ఏది అని అడిగితే, అక్షరమాలలోని చిన్న చిన్న గుంపుల మొదట్లో ఉన్నవాటికి జవాబు త్వరగా వచ్చింది, చివర్లో ఉన్నవాటికి ఆలస్యమైంది.

కాబట్టి పాట మానేయకండి, ముక్కలు చేయండి. ప్రాథమిక హక్కుల్లో రాజ్యాంగమే గుంపులు కట్టి ఇచ్చింది: 14 నుంచి 18 సమానత్వం, 19 నుంచి 22 స్వేచ్ఛ, 23, 24 దోపిడీ నుంచి రక్షణ, 25 నుంచి 28 మత స్వేచ్ఛ, 29, 30 సాంస్కృతిక, విద్యా హక్కులు, 32 రాజ్యాంగ పరిహార హక్కు. ఒక్కో గుంపు దగ్గర ట్యూన్ ఆపండి, ఊపిరి తీసుకోండి, గుంపు పేరుతో మళ్లీ మొదలుపెట్టండి. 24 కావాలంటే 23 దగ్గర లోపలికి వెళ్తారు, ఒక్క అడుగులో దొరుకుతుంది. తర్వాత చీటీల మీద నంబర్లు రాసి కలిపేసి, ఏది చేతికొస్తే దాని విషయం చెప్పండి. విషయం విని నంబరు చెప్పడం కూడా చేయండి. పరీక్షలో రెండు వైపుల నుంచీ అడుగుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 14, 19, 21, 32 అందరి నోటా నానుతుంటాయి కాబట్టి మీరూ వాటినే పదే పదే పాడుకుంటూ ఉండొచ్చు. ఒక గుంపులో కొన్నింటినే మళ్లీ మళ్లీ గుర్తుచేసుకుంటే, అదే గుంపులోని మిగతావి మామూలుకన్నా ఎక్కువ మరుగున పడతాయి. 1994లో మైకేల్ ఆండర్సన్, రాబర్ట్ బ్యోర్క్, ఎలిజబెత్ బ్యోర్క్ అనే పరిశోధకులు దీన్ని చూపించారు. పళ్ల జాబితాలో కొన్నింటినే సాధన చేయిస్తే, మిగతా పళ్లు అసలు ముట్టుకోని వేరే జాబితా మాటలకన్నా తక్కువ గుర్తొచ్చాయి. ఇష్టమైన ముక్కనే పాడుకుంటూ పోతే మీరు 18నీ, 20నీ, 22నీ మీ చేతులతో మీరే వెనక్కి నెడుతున్నట్టు. వారానికోసారి తక్కువగా పాడిన ముక్కతో మొదలుపెట్టండి.

ఇప్పుడు బెల్ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. బాగా చేసిన ప్రశ్నలు ఒక్కటీ గుర్తురావట్లేదని రాశారు. ఆ క్షణంలో ఏం జరిగిందో చూడండి. బాగా చేసినవి బెల్‌కి ఎంతో ముందే అయిపోయాయి, అప్పుడు ఏ బెల్లూ మోగలేదు. బెల్ మోగేసరికి మీ కళ్ల ముందున్నవి ఖాళీ బబుల్సే, ఒంట్లో ఉన్నది భయమే. ఒక విషయం మనసులో పడే సమయంలో దాని పక్కన ఏముందో అదే తర్వాత దాన్ని లేపుతుందని ఎండెల్ టల్వింగ్ 1973లోనే చెప్పారు. ఆ బెల్ పక్కన ఉన్నవి ఆ వదిలేసిన ప్రశ్నలే, కాబట్టి అది వాటినే లేపుతుంది. ఆ రోజు మీ పేపరు ఎలా రాశారన్నదానికి బెల్ ఇచ్చే సాక్ష్యం చాలా ఒంటివైపుది. అది విని ‘నాకేమీ రాదు’ అని తీర్పు ఇచ్చుకోకండి.

ఈ ముడి చెరిగిపోదు. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కలతో చేసిన పనిలోనే తేలింది: గంట కొట్టి అన్నం పెట్టడం అలవాటు చేస్తే గంట వినగానే నోరూరుతుంది, తర్వాత గంట కొట్టి అన్నం పెట్టకుండా ఉంటే కొన్నాళ్లకి నోరూరడం ఆగుతుంది, కొంత విరామం తర్వాత గంట కొడితే మళ్లీ ఊరుతుంది. పాతది పోలేదు, దాని మీద కొత్తది పడిందంతే. కొత్తది నేర్చుకున్న చోట బాగా పనిచేస్తుంది, చోటు మారితే పాతది లేస్తుందని మార్క్ బౌటన్ ఆ తర్వాత చాలా ప్రయోగాల్లో చూపించారు. అందుకే రూమ్‌లో ఒక్కచోటే సాధన చేస్తే చాలదు.

ఇలా చేయండి. ఆ బెల్‌ని పోలిన శబ్దం ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి. మొదట చిన్న మాక్ టెస్టులు, మీరు కచ్చితంగా ముందే ముగించగలిగినవి తీసుకోండి. పేపరు పూర్తయి, బబుల్స్ అన్నీ నిండాక బెల్ మోగాలి. కొన్నాళ్లకి మధ్యలో టైమ్ చెప్పే బెల్ కూడా పెట్టండి. ఆ బెల్‌కి ఒక పని అప్పగించండి: మోగగానే పెన్ను కింద పెట్టి, ప్రశ్న నంబరూ ఓఎంఆర్ నంబరూ సరిపోయాయో లేదో చూసుకోవడం. ‘ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను’ అని ముందే కట్టుకున్న సంకల్పం ఆ క్షణంలో బాగా సాయం చేస్తుందని పీటర్ గోల్విట్జర్ చూపించారు. భయానికి ఖాళీ ఇవ్వకుండా చేతికి పని దొరుకుతుంది. దీన్నే రూమ్‌లో, ఫ్రెండ్ ఇంట్లో, కోచింగ్ సెంటర్ పెట్టే గ్రాండ్ టెస్టులో, వీలైనన్ని చోట్ల చేయండి. ఇంత చేసినా దడ తగ్గక, నిద్రా తిండీ చెడుతుంటే సైకాలజిస్టుని కలవండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

రికార్డింగులు డిలీట్ చేయొద్దు, వాటి మీద మీరు చాలా కష్టపడ్డారు. అవి వినే తీరు మాత్రం మార్చండి. ఇకపై చేసేవాటిలో ముందు ప్రశ్న చదివి, ఐదారు సెకన్లు ఖాళీ వదిలి, తర్వాత జవాబు చెప్పండి. ఆ ఖాళీలో మీరు పైకి జవాబు అనాలి. మళ్లీ మళ్లీ చదవడం ఐదు నిమిషాల తర్వాత గెలిచినట్టు కనిపిస్తుంది, వారం తర్వాత మాత్రం గుర్తుచేసుకునే సాధన చేసినవాళ్లే ముందుంటారని రోడిగర్, కార్పికీ 2006లో తేల్చారు. పాత రికార్డింగులైతే బట్టలు ఉతికేటప్పుడో, మెట్రో కోసం నిలబడ్డప్పుడో పెట్టుకుని, వాక్యం మధ్యలో ఆపి మిగతా సగం మీరే పూర్తిచేయండి. మూడుసార్లు వరసగా సరిగ్గా చెప్పిన ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లోకి మార్చేసి, పరీక్షకి వారం ముందు మళ్లీ తెరవండి.